ప్రొపేన్ సిలిండర్ ఎక్కడ పెట్టాలి, ఎన్ని పెట్టుకోవచ్చు: ఇళ్లకీ వ్యాపారాలకీ సమగ్ర మార్గదర్శి

సిలిండర్ వెలిగించి వాడుతున్నప్పుడు అందరం జాగ్రత్తగానే ఉంటాం, ఎదురుగా మంట కనిపిస్తుంది కాబట్టి. పొరపాటు జరిగేది పని అయిపోయాక దాన్ని పెట్టే చోట. గ్యారేజ్‌లో ఓ మూలకి నెట్టేస్తాం, సెల్లార్ మెట్ల కింద దోపేస్తాం, షాపులో అయితే వెనకగదిలో అట్టపెట్టెల పక్కన నిలబెట్టేస్తాం. వాల్వు కట్టేశాం కదా అన్న ధీమా. ఫైర్ నిబంధనలు మాత్రం ఇలా వాడకుండా పక్కన పెట్టిన సిలిండర్ మీదే ఎక్కువ పట్టింపు చూపిస్తాయి, ఎందుకంటే దాని వాల్వు సన్నగా కారుతున్నా రోజుల తరబడి అటువైపు చూసేవాళ్లుండరు.

నిబంధనల చిట్టా నేరుగా చదివితే అంకెలు ఒక్కటీ గుర్తుండవు. అందుకే ముందు ఈ గ్యాస్ ఎలా కదులుతుందో చెప్పి, తర్వాత ఒక్కో పనీ వరుసగా చెబుతాను. మొదటిది అర్థమైతే మూడడుగులు, ఐదడుగులు, పదడుగులు అని దూరాలు ఎందుకు పెట్టారో మీకే తెలుస్తుంది.

గ్యాస్ నడక

ప్రొపేన్ సున్నాకి దిగువన 42 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది. సిలిండర్‌లో ఒత్తిడి వల్ల ద్రవంగా ఉంటుంది, బయటికి వచ్చిందంటే వెంటనే ఆవిరి. ఒక లీటరు ద్రవం దాదాపు 270 లీటర్ల గ్యాస్ అవుతుంది. ఆ గ్యాస్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, కాబట్టి పైకి లేచి కిటికీలోంచి పోదు. ఒలికిన నీళ్లలా నేలబారున పాకుతుంది, మెట్లు దిగుతుంది, సెల్లార్లోకి, మురుగు తూముల్లోకి, తలుపు కింది సందులోంచి పక్కగదిలోకి పోతుంది. అక్కడ వాటర్ హీటర్ పైలట్ మంటో, ఫ్రిజ్ ఆన్ అయినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వో చాలు.

గాలిలో దీని పాళ్లు సుమారు 2.1 శాతం నుంచి 9.5 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. ఓ లెక్క వేసి చూపిస్తాను. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గది అంటే 36 ఘనపు మీటర్లు. ఆ గదంతా అంటుకునే స్థితికి రావడానికి కిలోన్నర ప్రొపేన్ కూడా అక్కర్లేదు. గ్రిల్‌కి వాడే 20 పౌండ్ల సిలిండర్‌లో ఉండేది 9 కిలోలు. పైగా గ్యాస్ గదంతా సమానంగా పరుచుకోదు, కిందనే నిలుస్తుంది. నేల నుంచి ఒక అడుగు ఎత్తు వరకే తీసుకుంటే పావు కిలో లోపే సరిపోతుంది. ఈ లెక్క వేసుకున్నాక నాకు సిలిండర్ ఇంట్లో పెట్టాలన్న ఆలోచనే పోయింది.

వాసన ఎలాగూ వస్తుంది కదా అంటారు. ప్రొపేన్‌కి సొంత వాసన లేదు, లీకు తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే దుర్వాసన పదార్థం కలుపుతారు. కొత్త ఉక్కు సిలిండర్లలో, లోపల తుప్పు పట్టినవాటిలో ఈ వాసన తగ్గిపోవడం జరుగుతుంది. జలుబు చేసినవాళ్లకి, వయసు పైబడినవాళ్లకి, నిద్రలో ఉన్నవాళ్లకి తెలియకపోవచ్చు. ముక్కు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. గ్యాస్ డిటెక్టర్ పెట్టుకుంటే దాన్ని నేలకి దగ్గరగా, తయారీదారు చెప్పిన ఎత్తులో బిగించండి, పైకప్పుకి కాదు.

మొదటి పని: మీ చోట ఎవరి మాట చెల్లుతుందో తెలుసుకోవడం

అమెరికాలో చాలా రాష్ట్రాలు, నగరాలు ఎన్‌ఎఫ్‌పీఏ 58 అనే ఎల్‌పీ గ్యాస్ (ఒత్తిడితో ద్రవంగా మార్చిన ప్రొపేన్ లాంటి గ్యాస్) కోడ్‌నీ, ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్‌నీ తీసుకుని తమ మార్పులు కలిపి చట్టం చేసుకున్నాయి. కెనడాలో ప్రొపేన్ నిల్వకి సీఎస్‌ఏ బీ149.2 ఆధారం. ఇండియాలో గ్యాస్ సిలిండర్స్ రూల్స్ 2016 ఉన్నాయి, వాటి అమలు పెసో అనే కేంద్ర ప్రభుత్వ భద్రతా సంస్థ చూస్తుంది. కింద నేను చెప్పే దూరాలు, బరువులు ఎక్కువగా మొదటి రెండు కోడ్‌లలోవి. మీ ఊరు వాటికన్నా గట్టి నియమం పెట్టి ఉండొచ్చు, అలాంటప్పుడు ఊరి నియమమే చెల్లుతుంది. ఎవరిని అడగాలన్నది కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. టెక్సస్‌లో ఎల్‌పీ గ్యాస్ భద్రత చూసేది రైల్‌రోడ్ కమిషన్, పేరు చూస్తే ఎవరికీ తట్టదు.

కాబట్టి స్థానిక ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో తనిఖీలు చూసే విభాగానికి ఫోన్ చేయండి. అత్యవసర నంబరుకి కాదు, ఆఫీసు నంబరుకి. నాలుగు ప్రశ్నలు చాలు: మీరు ఏ కోడ్‌ని, ఏ సంవత్సరపు ప్రతిని పాటిస్తున్నారు? నా దగ్గర ఉండబోయే పరిమాణానికి పర్మిట్ కావాలా? ఏ దూరాలు పాటించాలి? తనిఖీకి ఎవరొస్తారు, ముందుగా ప్లాన్ చూపించాలా? జవాబులు ఈమెయిల్‌లో రాసి ఇమ్మనండి, తర్వాత మాట తేడా వస్తే అదే పనికొస్తుంది.

ఫైర్ వాళ్లు సరేనన్నా అక్కడితో అయిపోలేదు. అద్దె ఇల్లయితే అగ్రిమెంట్, అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ నియమాలు, రెండింటికీ తోడు ఇన్సూరెన్స్ పాలసీ చూడండి. నిబంధనకి విరుద్ధంగా పెట్టిన సిలిండర్ వల్ల నష్టం జరిగితే క్లెయిమ్ దగ్గర చిక్కు వస్తుంది.

రెండో పని: సిలిండర్ మెడ మీద రాసింది చదవడం

వాల్వు చుట్టూ రక్షణగా ఉండే ఇనుప చుట్టు మీద అక్షరాలు, అంకెలు కొట్టి ఉంటాయి. చాలామంది వాటివైపు ఒక్కసారి కూడా చూసి ఉండరు. టీడబ్ల్యూ పక్కన ఉన్నది ఖాళీ సిలిండర్ బరువు, గ్రిల్ సిలిండర్‌కి మామూలుగా 17 పౌండ్ల చుట్టుపక్కల. డబ్ల్యూసీ అంటే అందులో పట్టే నీటి బరువు, అదే సిలిండర్‌కి 47.6 పౌండ్లు ఉంటుంది. ప్రొపేన్‌ని నీటి బరువులో 42 శాతం మించి నింపకూడదు, లెక్కేస్తే సరిగ్గా 20 పౌండ్లు. అంటే నిండు సిలిండర్‌ని కాటా మీద పెడితే 37 పౌండ్ల దగ్గర ఆగాలి. అంతకన్నా బాగా ఎక్కువ తూగితే ఎక్కువ నింపేశారన్నమాట, దాన్ని ఎండలో పెట్టకుండా వెంటనే నింపినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఘనపరిమాణంలో చెప్పాలంటే 80 శాతమే నింపుతారు, వేడికి ద్రవం వ్యాకోచించడానికి పైన ఖాళీ ఉండాలి కాబట్టి. 4 నుంచి 40 పౌండ్ల సిలిండర్లకి ఎక్కువ నిండకుండా ఆపే పరికరం ఉంటుంది, చేతితో తిప్పే పిడి ముక్కోణంగా ఉంటే అదే.

తేదీ కూడా అక్కడే. అమెరికాలో మామూలు సిలిండర్‌కి తయారైన 12 ఏళ్లకి మొదటి పరీక్ష, ఆ తర్వాత బయటినుంచి కంటితో చూసే పరీక్ష చేసి తేదీ పక్కన "ఈ" అక్షరం కొడితే మరో ఐదేళ్లు. కెనడాలో 10 ఏళ్లు. ఇండియాలో ఎల్‌పీజీ సిలిండర్‌కి మొదటి పరీక్ష 10 ఏళ్లకి, తర్వాత ఐదేళ్లకోసారి. గడువుని ఏ, బీ, సీ, డీ అక్షరాలతో రాస్తారు, ఏ అంటే జనవరి నుంచి మార్చి, డీ అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్, పక్కన సంవత్సరం.

ఇంకో సంగతి. ఇత్తడి వాల్వు మీద నీలం, ఆకుపచ్చ కలిసిన మరక కనిపిస్తే ఆ సిలిండర్‌లోకి ఎప్పుడో అమ్మోనియా పోయి ఉండొచ్చు. అమ్మోనియా ఇత్తడిని లోపలినుంచి పగిలేలా చేస్తుంది. దాన్ని ముట్టుకోకుండా, కదపకుండా, సరఫరాదారుని పిలవండి.

మూడో పని: ఇంటి దగ్గర చోటు

ఎన్‌ఎఫ్‌పీఏ 58 ప్రకారం నివాస భవనం లోపల, సెల్లార్ గానీ ఇంటికి ఆనుకున్న గ్యారేజ్ గానీ, పెట్టుకోదగ్గవి క్యాంపింగ్ స్టవ్‌లకి వాడే ఒక పౌండు చిన్న డబ్బాలు మాత్రమే, అవి కూడా ఒక్కో కుటుంబానికి రెండు. 20 పౌండ్ల సిలిండర్ నిండుదైనా ఖాళీదైనా బయటే. "ఖాళీ" అన్న మాట దగ్గర చాలామంది తప్పులో కాలేస్తారు. మంట ఆగిపోయాక కూడా లోపల కొంత గ్యాస్ మిగిలే ఉంటుంది, అందుకే నిబంధనలు ఖాళీ సిలిండర్‌ని కూడా నిండుదిగానే లెక్కగడతాయి.

బయట అంటే ఇంటి గోడకి ఆనించి ఎక్కడపడితే అక్కడ అని కాదు. సిలిండర్‌కి ఓ సేఫ్టీ వాల్వు ఉంటుంది, లోపల ఒత్తిడి బాగా పెరిగితే అది తెరుచుకుని గ్యాస్ వదులుతుంది. దూరాలన్నీ ఆ వాల్వు నుంచి కొలవాలి. దానికన్నా దిగువన ఉన్న కిటికీ, తలుపు, సెల్లార్ గాలి రంధ్రం లాంటివి కనీసం 3 అడుగుల దూరంలో ఉండాలి. నిప్పు పుట్టే ఏ వస్తువుకైనా, ఇంట్లోకి గాలి లాగే యంత్రం నోటికైనా 5 అడుగులు, సిలిండర్‌ని తీయకుండా అక్కడే నింపే ఏర్పాటుంటే 10 అడుగులు. టేపు పట్టుకుని ఒక్కసారి కొలవండి. ఏసీ బయటి యూనిట్‌లోని స్విచ్ కూడా నిప్పు పుట్టించే వస్తువే అని మర్చిపోకండి.

సిలిండర్ ఎప్పుడూ నిటారుగానే. పడుకోబెడితే సేఫ్టీ వాల్వు దగ్గరికి ఆవిరి బదులు ద్రవం వస్తుంది, అప్పుడు బయటపడేది 270 రెట్లు పెరిగే సరుకు. కింద గట్టి, సమమైన, తడి నిలవని చోటు ఉండాలి, ఇటుకలైనా సిమెంటు పలకైనా వేస్తే అడుగు తుప్పు పట్టదు. గాలికి, పిల్లల ఆటలకి పడిపోకుండా గొలుసో పట్టీయో వేయండి. ఎండుగడ్డి, కలుపు, కట్టెల కుప్ప, అట్టపెట్టెలు 10 అడుగుల దూరంలో ఉండాలి. నేరుగా ఎండ పడనిచోటు మంచిది: 21 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి దాదాపు 110 పౌండ్లు, 38 డిగ్రీలకి 170 దాటుతుంది. సేఫ్టీ వాల్వు తెరుచుకునేది 375 దగ్గర, కాబట్టి మామూలు ఎండకే పేలిపోతుందని భయపడక్కర్లేదు, కానీ 52 డిగ్రీలు దాటే చోట మాత్రం ఉంచకూడదు. నీడ కోసమని ప్లాస్టిక్ కవరు బిగించి కట్టేయకండి, గాలి ఆడాలి.

అపార్ట్‌మెంట్ బాల్కనీ వేరే కథ. ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ ప్రకారం అంటుకునే స్వభావం ఉన్న బాల్కనీల మీద, అలాంటి కట్టడానికి 10 అడుగుల లోపు, ఒక పౌండు డబ్బాకన్నా పెద్ద సిలిండర్‌తో నడిచే గ్రిల్ వాడకూడదు. ఒకటి రెండు కుటుంబాలు ఉండే ఇళ్లకి, స్ప్రింక్లర్లు ఉన్న భవనాలకి మినహాయింపులున్నాయి. ఊరూరా తేడా ఎక్కువగా కనిపించేది ఇక్కడే, పక్కింటివాళ్ల బాల్కనీలో గ్రిల్ ఉంది కదా అని మీరూ పెట్టేయకండి, అడగండి.

పెద్ద ట్యాంకు పెట్టుకునేవాళ్లకి

ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి, జనరేటర్‌కి ట్యాంకు పెట్టుకుంటే ఇంటికీ, పక్క స్థలం హద్దుకీ ఉండాల్సిన దూరం నీటి కొలతలో చెప్పే సైజుని బట్టి మారుతుంది. నేల మీద ట్యాంకు 125 నుంచి 500 గ్యాలన్ల దాకా 10 అడుగులు, 501 నుంచి 2000 గ్యాలన్ల దాకా 25 అడుగులు. ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ అమల్లో ఉన్నచోట ఒకటి రెండు కుటుంబాల ఇళ్లకి 500 గ్యాలన్ల వరకు పర్మిట్ అడగరు, కానీ స్థానిక మార్పులు ఉండొచ్చు. ట్యాంకు నిలబెట్టడం, పైపు వేయడం లైసెన్స్ ఉన్నవాళ్ల పనే, ఇది సొంతంగా నేర్చుకుని చేసే పని కాదు.

వరద వచ్చే ప్రాంతమైతే ఓ మాట. ద్రవ ప్రొపేన్ నీళ్లలో దాదాపు సగమే బరువు, అంటే నిండు ట్యాంకు కూడా నీళ్లలో తేలుతుంది. తేలితే పైపు తెగుతుంది, తెగిన పైపు గ్యాస్ వదులుతుంది. లంగరు వేయించండి, భూమిలో పూడ్చినదైనా సరే. మంచు పడే చోట పైకప్పు మీంచి జారే మంచుగడ్డలు రెగ్యులేటర్ మీద పడకుండా చూసుకోవాలి. మంచు తీయడానికి పార కాదు, చీపురు వాడాలి.

వ్యాపారాలకి: లెక్క, పంజరం, కాపలా

వ్యాపారంలో చిక్కు ఏమిటంటే సిలిండర్లు మెల్లగా పోగవుతాయి. మొదట రెండు, సీజన్‌కి ఇంకో నాలుగు, ఖాళీవి వెనక్కి పోవడానికి వారం ఆలస్యం. ఖాళీలు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఎవరూ గమనించకుండానే పరిమితి దాటిపోతుంది. ఓ పలక మీద "నిండు, ఖాళీ, మొత్తం" అని మూడు గళ్లు గీసి, సరుకు వచ్చిన ప్రతిసారీ రాయండి.

జనం తిరిగే భవనం లోపల ఎన్‌ఎఫ్‌పీఏ 58 ఒక పౌండు డబ్బాలనే ఒప్పుకుంటుంది, మొత్తం 200 పౌండ్లు మించకుండా. జనం రాని గోడౌన్ లాంటి భవనంలో 300 పౌండ్ల దాకా. బయటికి వెళ్లే దారులు, మెట్ల దగ్గర పెట్టకూడదు, పైకప్పు మీద నిల్వ అసలు కూడదు. షాపు ముందు సిలిండర్లు మార్చి ఇచ్చే ఇనుప పంజరం పెడితే, 720 పౌండ్ల లోపు నిల్వకి, బయటికి రెండు దారులున్న భవనం తలుపు నుంచి 5 అడుగులు, ఒకటే దారి ఉంటే 10 అడుగులు. ఆ తేడా వెనక కారణం చాలా మానవీయమైనది: ఉన్న ఒక్క దారి ముందే మంట లేస్తే లోపలివాళ్లకి బయటపడే వీలుండదు. పెట్రోలు పోసే పంపుకి 20 అడుగులు. పంజరానికి తాళం, కారు వెనక్కి తీసేటప్పుడు గుద్దకుండా ముందు ఇనుప స్తంభాలు, "పొగ తాగరాదు" బోర్డు, అందుబాటులో డ్రై కెమికల్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, పెద్ద నిల్వకి 18 పౌండ్లది.

హోటళ్లవాళ్లు తరచూ చేసే తప్పొకటుంది. బయట కూర్చునేవాళ్ల కోసం పెట్టే నిలువు హీటర్లని రాత్రి మూసేటప్పుడు దొంగల భయంతో సిలిండర్‌తో సహా లోపలికి తోసేస్తారు. హీటర్ లోపలికి రావచ్చు, సిలిండర్ రాకూడదు. విప్పేసి, వాల్వుకి మూత బిగించి, బయట పంజరంలో పెట్టి తాళం వేయాలి. దీనికి ఐదు నిమిషాలు పడుతుంది, ఆ పని ఎవరిదో పేరు రాసి గోడకి అంటించండి, లేకపోతే అలసిపోయిన రాత్రి ఎవరూ చేయరు.

వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్లని ప్రొపేన్ పక్కన నిల్వ చేయకూడదు: 20 అడుగుల ఎడం, లేదా అరగంట మంటని ఆపగలిగే 5 అడుగుల గోడ మధ్యలో. ఫోర్క్‌లిఫ్ట్ సిలిండర్ పడుకుని పనిచేస్తుంది కదా అంటే, దాన్ని అలా పెట్టడానికి వీలుగా తయారు చేశారు, దాని మీద గుర్తు వేసి ఉన్న వైపే అమర్చాలి. బండి ఆపిన ప్రతిసారీ వాల్వు కట్టేయాలి.

ఇండియాలో వ్యాపారం చేసేవాళ్లకి, ఒక చోట ఒక సమయంలో సిలిండర్లలో ఎల్‌పీజీ మొత్తం 100 కిలోలు మించకపోతే నిల్వకి లైసెన్స్ అక్కర్లేదు. 19 కిలోల సిలిండర్లు ఐదైతే 95 కిలోలు, ఆరోది పెట్టారంటే పరిమితి దాటినట్టే. ఇంటి కోసం ఇచ్చే 14.2 కిలోల సిలిండర్‌ని హోటల్లో వాడటం నిబంధనలకి విరుద్ధం.

బిగించడం, లీకు చూడటం, బండిలో తేవడం

సిలిండర్ మార్చిన ప్రతిసారీ సబ్బు నీళ్ల పరీక్ష చేయండి. గిన్నెలు తోమే సబ్బు కొంచెం, నీళ్లు అంతే, బ్రష్‌తో కలపండి. బర్నర్ల మీటలన్నీ కట్టేసి ఉంచి, సిలిండర్ వాల్వుని నెమ్మదిగా తెరిచి, వాల్వు కాండం చుట్టూ, బిగించిన చోట, గొట్టం పొడవునా రాయండి. బుడగ కళ్లముందు ఉబ్బుతూ పెద్దదవుతుంటే అక్కడే లీకు. వాల్వు కట్టేసి, బిగించి, మళ్లీ రాయండి. అయినా బుడగ వస్తే ఆ సిలిండర్ వాడొద్దు. అగ్గిపుల్ల గీసి చూడటం ఎప్పుడూ చేయకూడదు. వాల్వుని ఒక్కసారిగా తిప్పితే గొట్టం తెగిందనుకుని లోపలి రక్షణ పరికరం గ్యాస్‌ని తగ్గించేస్తుంది, మంట నీరసంగా వస్తే చాలాసార్లు కారణం అదే. అన్నీ కట్టేసి, గొట్టం విప్పి, మళ్లీ బిగించి, ఈసారి మెల్లగా తెరవండి.

కారులో తెచ్చేటప్పుడు నిటారుగా, కదలకుండా కట్టి, మూత బిగించి, కిటికీ తెరిచి తేవాలి. ఎన్‌ఎఫ్‌పీఏ 58 ప్రకారం ప్రయాణికుల కారులో మొత్తం 90 పౌండ్ల ప్రొపేన్ దాటకూడదు, ఒక్కోటి 45 పౌండ్ల లోపు. దారిలో వేరే పనులు పెట్టుకోకుండా సిలిండర్ తీసుకున్నాక నేరుగా ఇంటికే రండి, మూసిన కారులో ఎండలో వదిలేయకండి.

వాసన వస్తే

లైటు వేయొద్దు, వేసి ఉంటే ఆర్పొద్దు, ఫోన్ లోపలే తీయొద్దు. అందర్నీ బయటికి తీసుకెళ్లండి, పిల్లల్ని ముందు. సిలిండర్ బయటే ఉండి, దగ్గరికి వెళ్లడం క్షేమం అనిపిస్తే వాల్వుని కుడివైపు తిప్పి కట్టేయండి, అనుమానం ఉంటే అదీ వద్దు. గాలికి ఎదురుగా, పల్లం వైపు కాకుండా ఎత్తు వైపు దూరంగా వెళ్లి అక్కడినుంచి ఫోన్ చేయండి. అమెరికా, కెనడాలో 911, ఇండియాలో ఎల్‌పీజీ లీకులకి 1906. ఫైర్ వాళ్లు చెప్పేదాకా లోపలికి పోకూడదు.

వాల్వు దగ్గర మంట వెలుగుతుంటే, గ్యాస్ ఆపలేని పక్షంలో ఆ మంటని ఆర్పొద్దు, ఆరిపోతే గ్యాస్ పోగై మళ్లీ అంటుకుని పేలుతుంది. బయటి మంట సిలిండర్ పక్కల్ని తాకుతుంటే నీళ్లు పోయడానికి ఆగకండి, పరుగెత్తండి. లోపల ద్రవం మరిగి, వేడికి లోహం మెత్తబడి సిలిండర్ చీలిపోతే ముక్కలు చాలా దూరం ఎగురుతాయి.

పాతబడ్డ సిలిండర్‌ని చెత్తలోనో పాత ఇనుములోనో వేయకండి, మిగిలిన గ్యాస్‌తో అది నలిపే యంత్రంలోకి పోతే అక్కడ పనిచేసేవాళ్ల ప్రాణం మీదకి వస్తుంది. నింపేవాళ్లకో, మార్చి ఇచ్చేవాళ్లకో ఇవ్వండి, ఒక పౌండు డబ్బాలకి స్థానికంగా ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రం ఎక్కడుందో అడిగి అక్కడ అప్పగించండి.